పాత గని పక్కన తాగే నీళ్లు: ఏ పరీక్ష, ఏ బావి, ఏ ఫిల్టర్

బోరు నుంచి సీసాలో సగం దాకా పట్టిన నీళ్లు అద్దంలా ఉన్నాయి. బల్ల మీద పెట్టి వేరే పనిలో పడ్డాను. రెండు గంటల తర్వాత చూస్తే నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి, అడుగున ఇటుక రంగు మడ్డి పల్చగా పేరుకుని ఉంది. సీసాలో ఎవరూ ఏమీ కలపలేదు. భూమి లోపల గాలి సోకకుండా కరిగి ఉన్న ఇనుము బయటికొచ్చి గాలి తగలగానే తుప్పుగా మారి కిందికి దిగింది, అంతే.

పాత గనులున్న చోట ఏ ఫిల్టర్ పెట్టించుకోవాలి అని అడిగేవాళ్లకు నేను ముందు ఈ సీసా సంగతి చెబుతాను. ఎందుకంటే ఆ మడ్డి ఒంటరిగా దిగదు. నీళ్లలో ఆర్సెనిక్ ఉంటే అందులో కొంత భాగం, ఒక్కోసారి చాలా భాగం, ఆ తుప్పు రేణువులను అంటుకుని అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీళ్లను మాత్రమే ల్యాబ్‌కు పంపితే రిపోర్టు చక్కగా వస్తుంది. బోరు కొట్టగానే చెంబులో పట్టుకుని తాగేవాళ్లకు ఆ రిపోర్టు వల్ల ఒరిగేదేమీ లేదు. ఒకే బోరు, ఒకే రోజు, రెండు జవాబులు.

అందుకే ఫిల్టర్ల పోలికతో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. ఏ పరీక్ష చేయించాలి, ఏ నీళ్లు వాడాలి అన్నవి ముందు తేలితే, ఏ యంత్రం అన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది. వరస తిరగేస్తే కొన్న యంత్రానికి సరిపోయే జబ్బును వెతుక్కోవాల్సి వస్తుంది.

గని మూశాక నీళ్లు ఎందుకు చెడతాయి

గని నడుస్తున్నంత కాలం పంపులు నీటిని తోడిపోస్తూ ఉంటాయి. అప్పటిదాకా నీటిలో మునిగి ఉన్న రాయికి గాలి తగులుతుంది. ఆ రాయిలో పైరైట్ ఉంటే కథ మొదలైనట్టే. ఇనుము, గంధకం కలిసిన ఈ ఖనిజం బంగారంలా మెరుస్తుంది. గాలి, తేమ రెండూ తగిలితే విరిగి సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఇనుమును తిని బతికే కొన్ని బాక్టీరియాలు ఈ పనిని ఎన్నో రెట్లు వేగం చేస్తాయి. పుట్టిన ఆమ్లం పక్క రాళ్లలోని రాగి, జింకు, కాడ్మియం, మాంగనీసు, అల్యూమినియాలను కరిగించుకుంటుంది. నీటి పులుపును పీహెచ్‌తో కొలుస్తారు, అంకె ఎంత తక్కువైతే అంత పులుపు. కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ గనిలో పీహెచ్ మైనస్ 3.6 దాకా దిగిన నీటిని కొలిచారు. పీహెచ్ సున్నా కిందికి వెళ్లదని బడిలో చదువుకున్నవాళ్లకు ఇది కాస్త వింతగానే ఉంటుంది.

గని మూసి పంపులు ఆపాక నీటిమట్టం మళ్లీ పైకి లేస్తుంది. సొరంగాల గోడల మీద ఏళ్ల తరబడి పేరుకున్న ఉప్పులన్నీ ఒక్కసారిగా కరుగుతాయి. మూసిన తర్వాత మొదటి కొన్నేళ్లు నీళ్లు ఎక్కువగా చెడేది ఇందుకే. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో వీల్ జేన్ అనే తగరపు గని 1991లో మూతపడింది. 1992 జనవరిలో లోపల నిండిన నీళ్లు బయటికి తన్నుకొచ్చి కార్నన్ నదిని నారింజ రంగులో ముంచేశాయి. కొన్నిచోట్ల ఇంకా నెమ్మదిగా వస్తుంది. దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్‌కు పడమర ఉన్న బంగారు గనుల్లో నిండుతూ వచ్చిన ఆమ్లజలం 2002లో నేల మీదికి ఉబికింది. అంటే "గని ఎప్పుడో మూసేశారు కదా" అన్నది ధైర్యం చెప్పే మాట కాదు. ఎన్నేళ్లయింది, నీటిమట్టం ఇంకా లేస్తోందా, నిలకడగా ఉందా అని అడగాలి.

ఎర్రగా, పుల్లగా ఉన్న నీళ్లే ప్రమాదం అనుకోవడంలో సగమే నిజం ఉంది. దారిలో సున్నపురాయి తగిలితే ఆమ్లం విరిగిపోతుంది. ఇనుము, అల్యూమినియం, రాగి, సీసం చాలావరకు రాయి మీదే దిగిపోతాయి. నీళ్లు తేటపడతాయి, పీహెచ్ ఏడు, ఏడున్నర చూపిస్తుంది. కానీ ఆర్సెనిక్, యాంటిమొనీ, సెలీనియం, యురేనియం ఆ పీహెచ్‌లో కూడా హాయిగా ప్రయాణిస్తాయి. వాటికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మరకల భాష నమ్మదగ్గదే: ఇటుక రంగు ఇనుముది, నలుపు మాంగనీసుది, కుళాయి కింద నీలం కలిసిన ఆకుపచ్చ రాగిది. మరక లేకపోవడాన్ని మాత్రం నమ్మకండి.

ఇక్కడ ఒక చిన్న విభజన గుర్తుపెట్టుకుంటే తర్వాతదంతా తేలిక. సీసం, కాడ్మియం, రాగి, జింకు, నికెల్, మాంగనీసు నీటిలో ప్లస్ చార్జితో తిరుగుతాయి. సెలీనియం, ఒక రకం ఆర్సెనిక్, కార్బొనేటుతో జతకట్టిన యురేనియం మైనస్ చార్జితో తిరుగుతాయి. గాలి లేని లోతుల నుంచి వచ్చే ఇంకో రకం ఆర్సెనిక్‌కు పీహెచ్ 9 దాటే వరకు చార్జీయే ఉండదు. ఫిల్టర్లను ఏడిపించేది ఈ మూడోదే.

టీడీఎస్ పెన్ను, రంగు కిట్, ల్యాబ్

టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) చూపే పెన్ను మీద నాకు కోపం లేదు గానీ, దాన్ని చూసి నీళ్లు మంచివి అని తేల్చేవాళ్ల మీద ఉంది. ఆ పెన్ను కొలిచేది నీటిలో కరెంటు ఎంత బాగా పారుతుందన్నది. దాన్నే ఒక గుణకంతో హెచ్చవేసి మిల్లీగ్రాములుగా చూపిస్తుంది. లీటరుకు 300 అని చూపించిందనుకోండి, అంటే 3,00,000 మైక్రోగ్రాములు. ఆర్సెనిక్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన విలువ లీటరుకు 10 మైక్రోగ్రాములు. దానికి అయిదు రెట్లు, అంటే 50 మైక్రోగ్రాములున్నా పెన్ను లెక్కలో అది 0.05. మంచి పెన్ను కూడా రెండు శాతం అటూఇటూ చూపిస్తుంది, అంటే ఆరు మిల్లీగ్రాముల తేడా. విషం ఆ తేడాలో వంద భాగాల్లో ఒక భాగం కూడా కాదు.

అలాగని పారేయక్కర్లేదు. అదే బోరులో నెలనెలా కొలిచి రాసుకుంటే ఉన్నట్టుండి 400 నుంచి 900కు పోయిన రోజు ఏదో మారిందని చెబుతుంది. గని నీళ్లు కలిసినప్పుడు సల్ఫేటు పెరిగి టీడీఎస్ లేవడం మామూలే. కాపలా కుక్కలా వాడుకోవచ్చు, డాక్టరులా మాత్రం కాదు.

రంగు మారే ఆర్సెనిక్ కిట్లు ఒక మెట్టు పైన. ఉందా లేదా, కొంచెమా చాలానా అన్నది చెప్పగలవు. పది దగ్గరా ఇరవై దగ్గరా అన్నది కంటితో పోల్చి చెప్పడం కష్టం. చుట్టుపక్కల యాభై బావుల్లో ముందు వేటిని ల్యాబ్‌కు పంపాలో తేల్చుకోవడానికి బాగా పనికొస్తాయి.

ల్యాబ్ పరీక్షకు ప్రత్యామ్నాయం లేదు, కానీ ఏం అడగాలో తెలిసి వెళ్లాలి. "తాగునీటి పరీక్ష" అని అడిగితే చాలాచోట్ల పీహెచ్, కఠినత్వం, క్లోరైడు, బాక్టీరియా చేసి ఇచ్చేస్తారు. గని పక్కన మీకు కావాల్సింది లోహాల పరీక్ష. బొగ్గు గని అయితే ఇనుము, మాంగనీసు, అల్యూమినియం, సల్ఫేటు, సెలీనియం. సీసం, జింకు గనులైతే ఆ రెంటితో పాటు కాడ్మియం. బంగారు గని అయితే ఆర్సెనిక్, యాంటిమొనీ, పాదరసం, ఈమధ్యే మూసినదైతే సయనైడు కూడా. తగరం తీసిన చోట ఆర్సెనిక్. రాగి గని అయితే రాగి, ఆర్సెనిక్, మాలిబ్డినం. యురేనియం గని అయితే యురేనియం, రేడియం. పేలుడు మందుల్లో అమోనియం నైట్రేటు వాడతారు కాబట్టి కొత్తగా మూసిన గని దగ్గర నైట్రేటు కూడా అడగాలి. వీటన్నిటికీ తోడుగా పీహెచ్, క్షారత, సల్ఫేటు, క్లోరైడు, క్యాల్షియం, మెగ్నీషియం, సోడియం ఉండాలి. ఫిల్టర్ ఎంపికలో వీటితోనే పని.

సీసాలు రెండు పంపమంటాను. ఒకటి సన్నటి ఫిల్టర్ కాగితం గుండా, అంటే 0.45 మైక్రాన్ల గుండా వడకట్టింది. రెండోది వడకట్టనిది. రెంటిలోనూ ల్యాబ్ వాళ్లు ఇచ్చిన నైట్రిక్ ఆమ్లం చుక్కలు వెంటనే పడాలి, లేకపోతే మొదట్లో చెప్పిన మడ్డి కథ మళ్లీ మొదలవుతుంది. రెండు రిపోర్టుల మధ్య తేడా పెద్దదైతే మీ లోహం రేణువులకు అంటుకుని వస్తోందని అర్థం. అది శుభవార్త, మామూలు వడపోతతోనే కొంత పోతుంది. తేడా లేకపోతే అది పూర్తిగా కరిగి ఉంది. పీహెచ్‌ను మాత్రం బోరు దగ్గరే కొలవాలి, దారిలో మారిపోతుంది.

రిపోర్టు చేతికొచ్చాక "బీడీఎల్" అన్న అక్షరాలు చూసి ఊపిరి పీల్చుకోకండి. పరీక్షకు దొరకనంత తక్కువ అని దాని అర్థం, కానీ ఆ పరీక్ష ఎంత వరకు చూడగలదన్నది అసలు ప్రశ్న. యాభై మైక్రోగ్రాముల కంటే తక్కువ చూడలేని యంత్రం మీద ఆర్సెనిక్ బీడీఎల్ వస్తే ఏమీ తెలియనట్టే. ఇంకో పరీక్ష మీరే చేయొచ్చు. ప్లస్ చార్జిల మొత్తం, మైనస్ చార్జిల మొత్తం దాదాపు సమానం కావాలి. అయిదు శాతం లోపు తేడా అయితే సరే. ఇరవై శాతం వస్తే ఏదో ఒక అంకె తప్పు, లేదా ఏదో ఒకటి కొలవలేదు.

పోల్చుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ విలువలు ఇవీ, లీటరుకు మైక్రోగ్రాముల్లో: కాడ్మియం 3, పాదరసం 6, ఆర్సెనిక్ 10, సీసం 10, యాంటిమొనీ 20, యురేనియం 30, సెలీనియం 40, నికెల్ 70, మాంగనీసు 80. రాగి 2 మిల్లీగ్రాములు, నైట్రేటు 50 మిల్లీగ్రాములు. సల్ఫేటుకు ఆరోగ్యపరమైన హద్దు పెట్టలేదు, కానీ 250 మిల్లీగ్రాములు దాటితే నాలుక పసిగట్టడం మొదలవుతుంది, వెయ్యి మిల్లీగ్రాములు దాటాక అలవాటు లేని కడుపు కదులుతుంది.

చేదబావి, లోతు బోరు, వాన నీళ్లు

యంత్రం కొనే ముందు వేరే నీళ్లు దొరుకుతాయేమో చూడటం ఎప్పుడూ మేలు. ఏ ఫిల్టరూ పాడవని నీటి కంటే నమ్మకమైనది కాదు.

చేదబావికి పైనుంచి ముప్పు. వ్యర్థాల గుట్ట మీద పడిన వాన దాన్ని కడుక్కుంటూ దిగి ముందు చేరేది పైపొరలోని నీటికే. థాయ్‌లాండ్‌లోని రాన్ ఫిబూన్ తగరపు గనుల ప్రాంతంలో ఆర్సెనిక్ వల్ల వచ్చే చర్మవ్యాధి 1987లో బయటపడింది. అక్కడి తక్కువ లోతు బావుల్లో ఆర్సెనిక్ లీటరుకు 5,000 మైక్రోగ్రాములు దాటిన నమూనాలున్నాయి. కింద సున్నపురాయి పొరలోని నీళ్లు దానికంటే చాలా నయంగా ఉన్నాయి.

దీన్ని చూసి లోతుకు వెళ్తే చాలు అనుకుంటే ఇంకో గోతిలో పడతారు. పాత సొరంగాలు మ్యాపుల్లో ఉన్నవే ఉంటాయని లేదు. బోరు వాటిలో ఒకదాన్ని చీల్చుకుంటూ పోతే గని నీళ్లకు మీరే కొత్త దారి తెరిచినట్టు. పైన కేసింగ్ సరిగా సీల్ చేయకపోతే పైపొర నీళ్లు గొట్టం పక్కనుంచి జారి కిందికి చేరతాయి. పైగా లోతు నీళ్లలో గాలి ఉండదు, అందువల్ల ఇనుము, మాంగనీసు, చార్జి లేని ఆర్సెనిక్ కరిగి ఉండే అవకాశం ఎక్కువ. లోతు కంటే దిక్కు ముఖ్యం. భూగర్భజలం గని వైపు నుంచి మీ వైపు పారుతోందా, మీ వైపు నుంచి గని వైపా? ఎగువన ఉన్న మామూలు బావి, దిగువన ఉన్న ఖరీదైన బోరు కంటే మేలు.

వాన నీళ్లను జనం చిన్నచూపు చూస్తారు, నేను చూడను. తాగడానికీ వంటకూ మాత్రమే అనుకుంటే లెక్క చిన్నదే. ఇంట్లో నలుగురికి మనిషికి అయిదు లీటర్ల చొప్పున రోజుకు 20, వానలు లేని 120 రోజులకు 2,400 లీటర్లు. పది చదరపు మీటర్ల పైకప్పు మీద 300 మిల్లీమీటర్ల వాన పడి, అందులో ఇరవై శాతం పోయినా సరిగ్గా అంతే వస్తుంది. జాగ్రత్తలు మూడు. గని గుట్టల దుమ్ము కప్పు మీద పడుతుంది కాబట్టి మొదటి వాన నీళ్లను పారబోయాలి. కప్పుకు, గొట్టాలకు సీసం రేకు గానీ సీసం కలిసిన రంగు గానీ ఉండకూడదు. నిల్వ నీళ్లలో క్రిములు పెరుగుతాయి కాబట్టి మరిగించడమో క్లోరిన్ వేయడమో చేయాలి. మరిగించడం పనికొచ్చే చోటు ఇదొక్కటే. దీని గురించి కింద చెబుతాను.

దూరం నుంచి గొట్టాల్లో వచ్చే శుద్ధి చేసిన నీళ్లు ఉంటే, లోహాల రిపోర్టు అడిగి చూసుకుని, అవే తీసుకోండి. నా వరస ఇది: దూరపు సరఫరా, తర్వాత వాన, తర్వాత ఎగువ బావి, ఏదీ కుదరకపోతే పక్కనున్న నీళ్లకు ఫిల్టర్.

ఫిల్టర్లు: దేనికి ఏది లొంగుతుంది

మరిగించడంతో మొదలుపెడతాను, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ మంది నమ్మేది దాన్నే. పది లీటర్లు మరిగి ఎనిమిది లీటర్లు మిగిలాయనుకోండి. లీటరుకు 40 మైక్రోగ్రాములు ఉన్న ఆర్సెనిక్ 50 అవుతుంది. క్రిములు చస్తాయి, లోహాలు చిక్కబడతాయి. యూవీ దీపం కూడా క్రిముల కోసమే. నీళ్లలో తుప్పు ఉంటే ఆ వెలుగు లోపలికి దిగక ఆ పని కూడా సగమే చేస్తుంది.

క్యాండిల్ ఫిల్టర్, ఇసుక, యూఎఫ్ (చాలా సన్నటి రంధ్రాల పొర) ఇవన్నీ జల్లెడలు. రేణువును ఆపుతాయి, కరిగినదాన్ని వదిలేస్తాయి. అయితే ఇనుము ఎక్కువున్న నీళ్లలో ఈ జల్లెడ అనుకున్నదానికంటే గట్టి పని చేస్తుంది. బరువులో ఇనుము ఆర్సెనిక్ కంటే ఇరవై రెట్లకు పైగా ఉంటే, క్లోరిన్ వేసి కాసేపు ఉంచి వడకడితే ఆర్సెనిక్‌లో చాలా భాగం తుప్పుతో పాటు పోతుంది. గాలి మాత్రమే పట్టిస్తే ఇనుము దిగుతుంది గానీ చార్జి లేని ఆర్సెనిక్ మారడానికి చాలా టైమ్ తీసుకుంటుంది, క్లోరిన్ అయితే నిమిషాల్లో మారుస్తుంది. నాకు ఈ పద్ధతి అంటే కాస్త పక్షపాతం ఉంది. నీటిలోని చెడును నీటిలోని తుప్పుతోనే పట్టించడం.

కార్బన్ ఫిల్టర్ వాసనకు, క్లోరిన్‌కు, కర్బన రసాయనాలకు. సీసం కోసం ప్రత్యేకంగా చేసిన కార్బన్ బ్లాకులు సీసాన్ని పడతాయి. ఆర్సెనిక్, యురేనియం, మాంగనీసు, సల్ఫేటు విషయంలో కార్బన్‌ను నమ్ముకోకండి.

నీటి కఠినత్వం తీసే సాఫ్టనర్ ప్లస్ చార్జిలను పట్టి సోడియాన్ని వదులుతుంది. కఠినత్వంతో పాటు రేడియం, కొంత ఇనుము, మాంగనీసు, కాడ్మియం తగ్గుతాయి. మైనస్ చార్జితో వచ్చే యురేనియం, ఆర్సెనిక్ దాన్ని చూసి నవ్వుకుంటూ వెళ్లిపోతాయి. రక్తపోటు ఉన్నవాళ్లు తాగే కుళాయికి సాఫ్టనర్ నీళ్లు ఇవ్వడానికి ముందు సోడియం లెక్క చూసుకోవాలి.

మైనస్ చార్జిలను పట్టే రెజిన్ (సన్నటి ప్లాస్టిక్ పూసలు) ఇంకో జాతి. యురేనియం మీద దీనికి ఉన్న ఆకలి చెప్పనలవి కాదు, చిన్న డబ్బా కూడా చాలాకాలం వస్తుంది. ఆర్సెనిక్ దగ్గర మాత్రం దీనితో జాగ్రత్త. రెజిన్‌కు ఆర్సెనిక్ కంటే సల్ఫేటు అంటే ఎక్కువ ఇష్టం, గని నీళ్లలో సల్ఫేటుకు కొదవ లేదు. డబ్బా నిండాక కొత్తగా వచ్చే సల్ఫేటు, అప్పటికే కూర్చున్న ఆర్సెనిక్‌ను లేపి బయటికి తోస్తుంది. అప్పుడు ఫిల్టర్ నుంచి వచ్చే నీళ్లలో, ఫిల్టర్‌లోకి పోయే నీళ్ల కంటే ఎక్కువ ఆర్సెనిక్ ఉంటుంది. రంగు మారదు, రుచి మారదు. సల్ఫేటు లీటరుకు రెండు మూడు వందల మిల్లీగ్రాములున్న చోట ఆర్సెనిక్ కోసం ఈ రెజిన్ పెట్టించనే వద్దంటాను.

ఆర్సెనిక్‌కు నా మొదటి ఎంపిక ఇనుప ఆక్సైడు గుళికల డబ్బా. ముందు క్లోరిన్ వేస్తే ఇంకా బాగా పడుతుంది. సల్ఫేటు దీన్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు. పీహెచ్ ఎనిమిది దాటితే, ఫాస్ఫేటు, సిలికా ఎక్కువుంటే మాత్రం త్వరగా అలసిపోతుంది. వృథా నీళ్లు లేవు, కరెంటు అక్కర్లేదు. యాక్టివేటెడ్ అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు గుళికలు) కూడా ఇదే పని చేస్తుంది, ఫ్లోరైడును కూడా పడుతుంది, కానీ పీహెచ్ ఆరు లోపు ఉంటేనే దాని సత్తా కనిపిస్తుంది.

ఆర్‌వో. దీని గురించి రెండు రకాల అతి వింటుంటాను, సర్వరోగ నివారిణి అని ఒకరు, నీళ్ల ప్రాణం తీసేస్తుందని మరొకరు. సీసం, కాడ్మియం, యురేనియం, సల్ఫేటు, సెలీనియం, నైట్రేటు కలగలిసి వచ్చే నీటికి ఇంటి స్థాయిలో ఇంతకు మించినది లేదు. బాగున్న మెంబ్రేన్, అంటే ఆర్‌వోలో నీటిని వడగట్టే పొర, వీటిలో చాలావాటిని తొంభై శాతానికి పైగా ఆపుతుంది, నైట్రేటును అంతకంటే కొంచెం తక్కువ. చార్జి లేని ఆర్సెనిక్‌ను మాత్రం అంత బాగా ఆపలేదు. అందుకే క్లోరిన్ ముందు, ఆ క్లోరిన్‌ను తీసేసే కార్బన్ తర్వాత, చివర మెంబ్రేన్. క్లోరిన్ నేరుగా తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది కాబట్టి ఈ వరస మార్చకూడదు. ఇనుము, మాంగనీసు ముందే తీయకపోతే మెంబ్రేన్ నెలల్లో పూడుకుపోతుంది. క్యాల్షియం, సల్ఫేటు రెండూ ఎక్కువున్న చోట దాని మీద జిప్సం గట్టిపడుతుంది.

పారబోసే నీళ్ల లెక్క కూడా వేసుకోండి. నాలుగు లీటర్లు పోస్తే ఒకటి తాగడానికి, మూడు కాలువకు అన్నది ఇళ్లలో మామూలే. ఆ మూడు లీటర్లలో లోహాలు పోసినదానికంటే మూడో వంతు ఎక్కువ చిక్కగా ఉంటాయి. గిన్నెలు తోమడానికి వాడుకుని మంచినీటితో కడిగేసుకోవచ్చు. కూరమొక్కలకు పోయొద్దు.

డిస్టిలేషన్ అన్ని లోహాలనూ వెనక వదిలేస్తుంది, ఆవిరయ్యే పాదరసం విషయంలో అనుమానం ఉంచుకోవాలి. లీటరుకు దాదాపు 0.7 యూనిట్ల కరెంటు తాగుతుంది. చంటిబిడ్డ పాలపొడి కలపడానికి రోజుకు రెండు లీటర్లు కావాలంటే సరే, ఇంటిల్లిపాదికీ అంటే భారం.

ఇల్లంతటికా, ఒక్క కుళాయికా

ఆర్సెనిక్, సీసం, కాడ్మియం, యురేనియం చర్మం గుండా లోపలికి పోయేది చాలా తక్కువ. స్నానానికి, బట్టలకు ఆ నీళ్లే వాడుకుని, వంటగదిలో ఒక్క కుళాయికి మంచి ఫిల్టర్ పెట్టుకోవడం నా సలహా. ఇల్లంతటికీ పెద్ద డబ్బా పెడితే వంద లీటర్లు శుద్ధి చేసి మూడు లీటర్లు తాగినట్టు. దీనికి మినహాయింపులున్నాయి. నీళ్లు పుల్లగా, పీహెచ్ ఆరు లోపు ఉంటే ఇంటి గొట్టాల్లోని రాగినీ సీసాన్నీ అవే కరిగించుకుంటాయి, కాబట్టి నీళ్లు ఇంట్లోకి వచ్చే చోటే సున్నపురాయి గుళికల తొట్టి గుండా పంపాలి. రేడాన్ వాయువు ఉంటే అది స్నానాల గదిలో గాల్లోకి లేస్తుంది, దానికీ ఇంటి మొదట్లోనే గాలి పట్టించాలి.

పెరట్లో పండించుకుని తినేవాళ్లకు ఒక్క కుళాయి సరిపోదు. జపాన్‌లో కమియోకా గని నుంచి జింజూ నదిలో కలిసిన కాడ్మియం, ఆ నీటితో పండిన వరి ద్వారా మనుషుల మూత్రపిండాలకు, ఎముకలకు చేరింది. నొప్పికి "ఇటాయ్ ఇటాయ్" అని అరిచేవారట, జబ్బుకు అదే పేరు నిలిచింది. 1968లో ప్రభుత్వం దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన వ్యాధిగా గుర్తించింది. తాగే గ్లాసును కాపాడుకుని తినే పళ్లేన్ని వదిలేస్తే ఏమవుతుందో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

నాలుగు రిపోర్టులు, నాలుగు నిర్ణయాలు

మొదటిది: పీహెచ్ 5.2, ఇనుము 8 మిల్లీగ్రాములు, మాంగనీసు 900 మైక్రోగ్రాములు, ఆర్సెనిక్ 6. ముందు సున్నపురాయి తొట్టి, ఆపైన గాలి లేదా క్లోరిన్, తర్వాత మాంగనీసు పట్టే ఫిల్టర్ గుళికలు. మాంగనీసు మొండిది, పీహెచ్ లేవకుండా లొంగదు. ఇక్కడ నేరుగా ఆర్‌వో పెడితే మెంబ్రేన్లు మార్చడమే పనవుతుంది.

రెండోది: పీహెచ్ 7.6, తేట నీళ్లు, ఆర్సెనిక్ 60 మైక్రోగ్రాములు, సల్ఫేటు 450 మిల్లీగ్రాములు. క్లోరిన్, ఆపైన ఇనుప ఆక్సైడు డబ్బా. సల్ఫేటు రుచి నచ్చకపోతే క్లోరిన్, కార్బన్, ఆర్‌వో. రెజిన్ వద్దు.

మూడోది: యురేనియం 85 మైక్రోగ్రాములు, మిగతావన్నీ హద్దులో. రెజిన్ గానీ ఆర్‌వో గానీ, ఏదైనా సరే. నీళ్ల కరువున్న చోట రెజిన్, ఎందుకంటే పారబోత లేదు. యురేనియం అనగానే అందరూ రేడియేషన్ గురించి భయపడతారు, తాగే నీటిలో అది ముందు దెబ్బతీసేది మూత్రపిండాలను, అదీ రసాయనంగా.

నాలుగోది: ఇంటి కుళాయి నీళ్లలో సీసం 25 మైక్రోగ్రాములు, బోరు దగ్గర పట్టిన సీసాలో మాత్రం 2. ఇది గని పని కాదు, ఇంటి గొట్టాల పని. పొద్దున్నే మొదట వచ్చిన నీళ్లు, అయిదు నిమిషాలు వదిలాక వచ్చిన నీళ్లు వేర్వేరుగా పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. గొట్టం మార్చడం ఫిల్టర్ కంటే మేలు. అది అయ్యేదాకా సీసం పట్టే కార్బన్ బ్లాకు చాలు. చిన్నపిల్లలుంటే ఆలస్యం చేయొద్దు, సీసం వాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ఏది పెట్టించినా పెట్టిన వారంలో ఒకేరోజు లోపలికి వెళ్లే నీళ్లు, బయటికి వచ్చే నీళ్లు రెండూ పరీక్ష చేయించండి. మళ్లీ తయారీదారు చెప్పిన లీటర్లలో సగం వాడాక ఒకసారి. తొలకరి తర్వాత ఒకసారి, ఎండాకాలం చివర ఒకసారి బోరు నీళ్లనే నేరుగా చూడాలి, గుట్టలను వాన కడిగినప్పుడు, నీటిమట్టం పడిపోయినప్పుడు అంకెలు మారతాయి. డబ్బా మీద పెట్టిన తేదీ, మీటరు రీడింగు చెరిగిపోని ఇంకుతో రాసిపెట్టండి. అయిపోయిన గుళికలను, రెజిన్‌ను పెరట్లో గుమ్మరించొద్దు. అన్నాళ్లూ నీళ్లలోంచి తీసిన ఆర్సెనిక్, యురేనియం అంతా ఆ డబ్బాలోనే ఉంది. దాన్ని మూట కట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికే పంపాలి. అలాంటి చోటు ఎక్కడుందో డబ్బా కొనే రోజే కనుక్కోండి.